అడిగి చేసే సేవే అసలైన సేవ



వికలాంగులకు సహాయం చేయాలని ముందుకు వచ్చే మంచి మనసులకు మన విచారణలలో కొదువ లేదు. పండుగనాడు మూడు చక్రాల బండ్లు పంచుతాం. చంకకర్రలు కొనిస్తాం. పింఛను కాగితాలు నింపి పెడతాం. ఇవన్నీ మంచి పనులే. కాని ఇచ్చిన ఆరు నెలలకు ఆ బండి ఏమైందో ఎప్పుడైనా వెళ్లి చూశామా? కొన్ని ఇళ్లలో దాని మీద కట్టెలు పేర్చి ఉంటాయి. ఇచ్చినవారు "వీళ్లకు వాడుకోవడం తెలియదు" అంటారు. పుచ్చుకున్నవారు మొహమాటంతో ఏమీ అనరు. పొరపాటు ఎక్కడున్నది? దీనికి జవాబు మన దేశంలోనే జరిగిన ఒక సంగతిలో దొరుకుతుంది.

జైపూర్ నేర్పిన పాఠం

1960 దశకంలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ గారు ఎముకల వైద్యులుగా ఉండేవారు. కాలు పోయినవారికి ఆ రోజులలో అమర్చే కృత్రిమ పాదం పాశ్చాత్య దేశాల నమూనా. కుర్చీలో కూర్చుని, బల్ల మీద భోజనం చేసి, రోజంతా బూట్లతో తిరిగే మనిషికి అది చక్కగా సరిపోతుంది. మన రైతు సంగతి వేరు. అతడు నేల మీద బాసింపట్టు వేసి అన్నం తినాలి. గొంతుక్కూర్చోవాలి. ఉత్త కాళ్లతో బురద పొలంలో దిగాలి. ఇంటి గడప దగ్గర, గుడి ముందు చెప్పులు విడవాలి. బూటు తొడిగితే గాని పనికిరాని ఆ పాదంతో ఇవేవీ వీలు కాలేదు. అందుకే కాలు పెట్టించుకుని వెళ్లినవారు దానిని మూలన పడేసి మళ్లీ చంకకర్రలే పట్టుకున్నారు.

సేఠీ గారు వారిని తప్పుపట్టలేదు. వారు ఎలా బ్రతుకుతున్నారో గమనించారు. పెద్ద చదువులు లేని రామచంద్ర శర్మ అనే హస్తకళా నిపుణునితో కలిసి, 1968 ప్రాంతంలో రబ్బరు, చెక్కలతో కొత్త పాదం తయారు చేశారు. చూడడానికి అది అచ్చం మనిషి పాదమే. దానికి బూటు అక్కరలేదు, బురదకు బెదరదు, గొంతుక్కూర్చోవడానికి వంగుతుంది. అదే 'జైపూర్ పాదం'. 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దానిని ఉచితంగా లక్షలాది మందికి అందించింది. సేఠీ గారికి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇందులోని పాఠం ఒక్కటే. మనిషి బ్రతుకును కాలికి తగినట్లు మార్చలేదు, కాలినే బ్రతుకుకు తగినట్లు మార్చారు. సంస్కృతి అంటే పాటలు, పండుగలు మాత్రమే కాదు. మనిషి కూర్చునే తీరు, తినే తీరు, ఎవరి మాట వింటాడో, దేనికి సిగ్గుపడతాడో, అదంతా సంస్కృతే.

మనం పాటించవలసినవి

1. ముందు ఆ వ్యక్తినే అడగండి. పక్కనున్న అన్నతోనో తల్లితోనో మాట్లాడి వచ్చేయకండి. పేరు పెట్టి పిలవండి. పేరుకు ముందు 'కుంటి', 'గుడ్డి' అని తగిలించే అలవాటు మన ఇళ్ల నుండే పోవాలి.

2. ఇంటి పద్ధతి తెలుసుకోండి. ఆడపిల్లకు కాలిపర్ కొలతలు తీయడానికి స్త్రీని వెంట తీసుకువెళ్లండి. నాట్లు, కోతల రోజులలో శిబిరం పెడితే కూలికి వెళ్లే తల్లి బిడ్డను తీసుకురాలేదు. ఇంట్లో నిర్ణయం నాయనమ్మది అయితే ఆమెతో కూడా కూర్చుని మాట్లాడండి.

3. వారి భాషలో చెప్పండి. తండాలో లంబాడీ, మన్యంలో కోయ, పట్నంలో ఉర్దూ తెలిసినవారి సాయం తీసుకోండి. వినికిడి లేనివారికి సంజ్ఞా భాష కూడా ఒక భాషే. 2018లో 3,000 పదాలతో వెలువడిన భారతీయ సంజ్ఞా భాషా నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది.

4. అందరినీ ఒకే గాటన కట్టకండి. ఒకే కులం, ఒకే మతం వారిలోనూ ఇంటింటికీ తేడా ఉంటుంది.

5. నమ్మకాలను ఎగతాళి చేయకండి, అలాగని వాటికి తల ఊపనూవద్దు. "ఏ పాపం చేశారో, ఇలాంటి బిడ్డ పుట్టాడు" అనే మాట ఇతరుల ఇళ్లలోనే కాదు, మన ఇళ్లలోనూ వినిపిస్తుంది. పుట్టుగ్రుడ్డివానిని చూసి శిష్యులు కూడా అలాగే అనుమానపడ్డారని యోహాను సువార్త 9వ అధ్యాయం చెబుతున్నది. ఆ నిందను ప్రభువు అతని మీద గాని, కన్నవారి మీద గాని పడనివ్వలేదు.

గౌరవించడం అంటే మౌనంగా ఉండడం కాదు. పరువు పోతుందని బిడ్డను గదిలో దాచి, బడి మాన్పిస్తే అది ఆచారమని ఊరుకోరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. ఈ మాట ఆ తల్లిదండ్రులకు చెప్పాలి. అయితే అధికారిలా గుమ్మంలో నిలబడి కాదు, వారి చాప మీద కూర్చుని, వారి భయం ఏమిటో విన్న తరువాత చెప్పాలి. నలుగురూ నవ్వుతారనే భయమే ఆ తలుపుకు గడియ పెట్టి ఉండవచ్చు.

ఈ వారం కుటుంబంలో చర్చించుకోండి

మన వీధిలో వైకల్యం ఉన్నవారు ఎవరు? వారి పేరు మన పిల్లలకు తెలుసా? మనం ఇదివరకు ఇచ్చినది వారికి నిజంగా ఉపయోగపడుతున్నదా? మన దేవాలయం మెట్లు ఎక్కలేక ఇంటి దగ్గరే ఆగిపోయినవారు ఉన్నారా?

ఈ ఆదివారం పూజ ముగిశాక అలాంటి ఒక ఇంటికి వెళ్లండి. ఈసారి ఏమీ తీసుకువెళ్లనక్కరలేదు. వెళ్లి, కూర్చుని, "మీకేం కావాలి?" అని అడగండి. వారు చెప్పేదాకా ఓపికగా ఉండండి.