నువ్వు చూశావు సరే, వాళ్ళు చూశారా చెల్లాయ్?

సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్తున్నాను అక్కా అని ఏ చెల్లి చెప్పినా నాకు ప్రాణం లేచొస్తుంది. ఆటో కోసం పడిగాపులు పడక్కర్లేదు, ఇంకొకర్ని దింపమని బతిమాలక్కర్లేదు, నీ టైముకి నువ్వు బయల్దేరతావు. కానీ ఆ మాట వెనకాలే ఒక దిగులు కూడా వినబడుతుంది. "చీకటి పడ్డాక సైకిలేమిటి, మానెయ్యమంటున్నారక్కా ఇంట్లో." డిసెంబరులో హైదరాబాదులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. ఆఫీసు వదిలేదే ఆరింటికైతే చీకట్లో వద్దనడమంటే సైకిలే వద్దనడం. నేను దానికి ఒప్పుకోను. ఇంట్లోవాళ్ళ భయం ఉత్తి భయమనీ అనను. ఆ భయానికి మందు సైకిల్ మానెయ్యడం కాదు, వెనకొచ్చే బండివాళ్ళకి నువ్వు బాగా ముందుగానే కనబడడం. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక సంగతి చెప్తాను, ఇది మనసులో గట్టిగా పెట్టుకో. రాత్రి రోడ్డు మీద కారు హెడ్‌లైట్లు నీకు అల్లంత దూరం నుంచే కనిపిస్తాయి. నీ కళ్ళు జిగేల్మంటాయి కాబట్టి, అంత వెలుతురులో నేను అతనికి కనబడకుండా ఎలా ఉంటాననుకుంటావు. అక్కడే మోసం జరుగుతుంది. అతని లైటు నీ కంట్లో పడడం వేరు, నీ ఆకారం అతని కంట్లో పడడం వేరు. నువ్వు ముదురు నీలం చుడీదారు వేసుకున్నావనుకో, నీ మీద పడిన వెలుతురులో చాలా భాగాన్ని ఆ గుడ్డే మింగేస్తుంది. డ్రైవరుకి తిరిగి వెళ్ళేది చాలా తక్కువ. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఏదో ఉందని తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే పాతిక మీటర్లు అయిపోతాయి. బండి ఆగడం ఆ తర్వాత సంగతి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు దీన్ని పరీక్ష పెట్టి చూశారు. ట్రాఫిక్ లేని రోడ్డు మీద రాత్రిపూట డ్రైవర్ల చేత కార్లు నడిపించి, సైకిల్ మనిషి కనబడగానే చెప్పమన్నారు. ఆ మనిషి నల్ల బట్టల్లో ఉంటే నూటికి 2 సార్లే గుర్తుపట్టగలిగారు. కొట్టొచ్చినట్టుండే ఫ్లోరసెంట్ పసుప్పచ్చ కోటు వేసుకుంటే 15 సార్లు. లైటు పడితే మెరిసే పట్టీలున్న కోటు వేసుకుంటే 50 సార్లు. అదే కోటుకి తోడు మోకాళ్ళకీ, చీలమండలకీ కూడా మెరిసే పట్టీలు కట్టుకుంటే 90 సార్లు! అదే విశ్వవిద్యాలయం వాళ్ళు సైకిల్ తొక్కేవాళ్ళని కూడా అడిగి చూశారు. తాము నిజంగా కనబడేదానికన్నా ఎక్కువ కనబడుతున్నామనే వాళ్ళు అనుకుంటున్నారని తేలింది. అందుకే ఇందాక ఆ మోసం సంగతి అంత గట్టిగా చెప్పాను.

చీలమండల దగ్గర అంత మహత్తు ఎందుకుందంటావా? ఛాతీ మీద మెరిసే పట్టీ దూరం నుంచి ఏ బోర్డులాగో, ఆగి ఉన్న బండి రిఫ్లెక్టరులాగో అనిపించవచ్చు. అది ఉన్నచోటే ఉంటుంది కదా. తొక్కుతున్న కాళ్ళు మాత్రం ఒకటి పైకీ ఒకటి కిందికీ ఆడుతూనే ఉంటాయి. ఆ కదలిక చూడగానే, అక్కడ మనిషి ఉందని డ్రైవరు మెదడుకి ఆలోచించకుండానే తెలిసిపోతుంది. కాబట్టి నీ దగ్గరున్న డబ్బుకి ఒక్కటే కొనగలిగితే ఖరీదైన జాకెట్టు కొనకు. చీలమండలకి చుట్టుకునే రెండు మెరుపు పట్టీలు కొను. చుడీదారు పాదం గుడ్డ చైన్లో పడకుండా అవే పట్టి ఉంచుతాయి కూడా. నడిచొచ్చే ఆడవాళ్ళకీ, తెల్లవారుజామున వాకింగుకి వెళ్ళే అమ్మకీ నాన్నకీ కూడా ఇదే చెప్పు.

పైన 15కీ 50కీ ఉన్న తేడా కూడా గమనించావా? చాలామంది ఫ్లోరసెంట్ రంగునీ, మనం రేడియం అనే ఈ మెరిసే పట్టీనీ ఒకటే అనుకుంటారు. ఫ్లోరసెంట్ గుడ్డ ఎండలోని కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలని తీసుకుని, కనబడే వెలుతురుగా మార్చి బయటికి ఇస్తుంది. అందుకే పగలు, మబ్బు పట్టినప్పుడు, సాయంసంధ్యలో అది భగ్గుమన్నట్టు కనిపిస్తుంది. సూర్యుడు పోయాక హెడ్‌లైటులో ఆ కిరణాలు ఉండవు, దాని ప్రతాపం అక్కడితో సరి. రేడియం పట్టీ పద్ధతి వేరు. దానిలో సన్నని గాజు పూసలో, పట్టకాల్లాంటి పలుకులో ఉంటాయి. వెలుతురు ఎటునుంచి వచ్చిందో అటే తిప్పి పంపేస్తాయి. కారు లైటు పడితే ఆ కారు డ్రైవరు కంటికే మెరుస్తుంది. పగలు చూస్తే మాత్రం వట్టి బూడిదరంగు పట్టీ. కాబట్టి పగటికి రంగు, రాత్రికి రేడియం.

నీ సైకిల్ ఎంతవరకు కనబడుతోందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లారులో లైట్లు ఆర్పించి, సైకిల్‌ని ఒక మూల నిలబెట్టు. ఇరవై ముప్పై అడుగులు వెనక్కి వచ్చి ఫోన్ టార్చి వెలిగించు. ఫోన్ని నడుం దగ్గర కాదు, కంటి పక్కన, చెంపకి ఆనించినట్టు పట్టుకోవాలి. రేడియం వెలుతురుని వచ్చిన దారినే పంపుతుందని చెప్పాను కదా, టార్చి కంటికి దూరంగా ఉంటే ఆ మెరుపు నీకు అందదు. అలా పట్టుకుని చూస్తే పెడళ్ళ అంచున ఉన్న చిన్న పసుపు బిళ్ళలు ఎంతలా వెలుగుతాయో! వెనక మడ్‌గార్డు మీద ఎర్ర బిళ్ళ మట్టికొట్టుకుపోయి ఉంటే మసకగా ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ చూడు. తర్వాత ఎవరినైనా నీ ఆఫీసు బ్యాగు తగిలించుకుని, చున్నీ వేసుకుని సీటు మీద కూర్చోమను. సగం మందికి అప్పుడు అసలు విషయం బయటపడుతుంది: బ్యాగు అడ్డం పడి వెనక రిఫ్లెక్టరు కనబడనే కనబడదు. వేలాడే చున్నీ దాన్ని ఇంకాస్త కప్పుతుంది.

వెనక లైటు విషయంలోనూ అదే తిప్పలు. సీటు కింద రాడ్డుకి బిగిస్తే కుర్తీ వెనక భాగం దాని మీద పడుతుంది. మన బట్టలకి క్యారియరు చివరన బిగించడమే మంచిది. బ్యాగుకి బయటివైపు ఇంకొకటి తగిలించుకుంటే మరీ మంచిది, ఒకటి చార్జింగు అయిపోయినా రెండోది ఉంటుంది. చున్నీని మాత్రం వెనక్కి వదలకు. రెండు కొసలూ నడుం దగ్గర ముడేసుకో, చక్రంలో పడే ప్రమాదమూ ఉండదు. ఆరి వెలిగే లైటా, నిలకడ లైటా అని అడుగుతారు. ఆరి వెలిగే లైటు చూపుని చప్పున లాగుతుంది, కానీ నువ్వెంత దూరంలో ఉన్నావో అంచనా కట్టడం డ్రైవరుకి కష్టమవుతుంది. జర్మనీలో అయితే సైకిళ్ళకి ఆరి వెలిగే లైట్లు పెట్టుకోనివ్వరు. బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు. నేను రెండూ పెట్టుకోమంటాను: క్యారియరు మీద నిలకడగా ఒకటి, బ్యాగు మీద ఆరి వెలిగేది ఒకటి. ముందు తెల్ల లైటుని కాస్త కిందికి వంచి బిగించు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి కొడితే వాళ్ళు నిన్నూ చూడలేరు, నీ పక్కన నడిచేవాళ్ళనీ చూడలేరు. మా నాన్న రోజుల్లో టైరుకి రాసుకుంటూ తిరిగే డైనమో ఉండేది. సైకిల్ ఆగితే లైటూ ఆగిపోయేది, అంటే సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే చీకటి. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లకి ఆ బాధ లేదు.

పగలు లైటెందుకని నవ్వేవాళ్ళుంటారు, పట్టించుకోకు. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త స్కూటర్లకీ బైకులకీ ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ళు చూడాలనే ఆ ఏర్పాటు. బైకుకి పనికొచ్చింది మనకి పనికిరాదా? డెన్మార్క్‌లోని ఓడెన్సే ఊళ్ళో సుమారు 4 వేల మంది సైకిల్ తొక్కేవాళ్ళతో ఏడాదిపాటు పరీక్షించారు. పగలూ రాత్రీ లైట్లు వెలిగించుకు తిరిగినవాళ్ళకి దెబ్బలు తగిలే ప్రమాదాలు మిగిలినవాళ్ళకన్నా 19 శాతం తక్కువ. అదే దేశంలో తర్వాత పసుప్పచ్చ జాకెట్లు పంచి చూస్తే, ఇంకొకరితో ఢీకొని గాయపడ్డ ప్రమాదాలు 38 శాతం తగ్గాయని లెక్కకట్టారు. అక్కడి సైకిల్ దారులు వేరు, మన రోడ్లు వేరు, ఆ అంకెలు అచ్చంగా అలాగే ఇక్కడ దిగుతాయనను. కానీ లైటు కంటికి ఆనడం ఏ దేశంలోనైనా ఒకటే.

ఒక ముఖ్యమైన మాట. పొద్దున్న ఏడింటికి, సాయంత్రం ఐదింటికి సూర్యుడు రోడ్డు చివర కూర్చుని ఉంటాడు. అప్పుడు నీ నీడని చూసుకో. నీడ పొడుగ్గా నీ వెనక్కి పడుతోందంటే ఎండ నీ మొహాన కొడుతోందని అర్థం, నీ వెనకొచ్చే డ్రైవరు మొహానా అదే ఎండ. అద్దం మీద దుమ్ముంటే అతనికి ముందున్నదంతా తెల్లటి పొగే. నీడ నీ ముందుకి పడితే ఎదురొచ్చేవాళ్ళు నిన్ను చూడలేరు, అంటే కుడివైపు తిరిగేటప్పుడు వాళ్ళతో జాగ్రత్త. ఆ పావుగంట, అరగంట పక్క వీధిలోంచి వెళ్ళే దారుంటే అటే వెళ్ళు. నన్నడిగితే ఆ ఎండకి చీకటికన్నా ఎక్కువ భయపడాలి, ఎందుకంటే దానికి ఏ లైటూ జవాబు చెప్పదు.

ఎక్కడ తొక్కుతున్నావన్నది కూడా కనబడడంలో భాగమే. రోడ్డు అంచుకి అతుక్కుపోతే క్షేమమని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. అంచున ఇసక, మ్యాన్‌హోల్ మూతలు, ఆగి ఉన్న కార్లు. వాటిని తప్పించుకోడానికి మాటిమాటికీ పక్కకి జరుగుతుంటే, వెనకవాళ్ళకి నువ్వు కనబడుతూ మాయమవుతూ ఉంటావు. అంచుకి ఒక మీటరు ఎడంగా, తిన్నగా వెళ్ళు. ఆగిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకున్నా ఆ దూరం నిన్ను కాపాడుతుంది. పక్కకి జరగాల్సి వస్తే ముందు తల తిప్పి వెనక్కి చూడు, తర్వాత చెయ్యి చాపు. తల తిరగడం చూసి డ్రైవరు కూడా నీ ఉద్దేశం పసిగడతాడు.

యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో రావడం మాత్రం వద్దు తల్లీ. సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి ఎడమకి తిరిగే డ్రైవరు చూసేది కుడివైపు, బండ్లొచ్చేది అటునుంచే కాబట్టి. నువ్వు ఎడమనుంచి వస్తే ఎన్ని లైట్లున్నా అతని చూపు నీ మీద పడదు. ఆర్టీసీ బస్సు, వాటర్ ట్యాంకరు, టిప్పరు, వీటి ఎడమ పక్కన దూరి ముందుకి పోవద్దు. ఆ పక్కన డ్రైవరు అద్దంలో కనబడని చోటు ఉంటుంది, బస్సేమో స్టాపు కోసం అటే కోస్తుంది. వాటి వెనకాలే ఆగు. అతని అద్దంలో అతని మొహం నీకు కనబడకపోతే, అతనికి నీ మొహం కనబడదన్నమాటే.

ఇన్ని చెప్పానని, దెబ్బ తగిలితే తప్పు నీదేనని మాత్రం అనుకోవద్దు. లైటు లేకుండా వెళ్ళిందిగా, నల్ల బట్టలు వేసుకుందిగా అని ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అనేవాళ్ళని చూస్తే నాకు మండుతుంది. ఫోన్ చూస్తూ నడిపినవాణ్ణీ, వీధిలో హై బీమ్ వేసుకు తిరిగేవాణ్ణీ ఎవరూ అంత గట్టిగా అడగరు. వీధిలైట్లు వెలగని రోడ్డుకి జవాబుదారీ ఎవరు? అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకలు, కింద నీడ. చాలా బాగుంటుంది, వెళ్ళు, చూడు. కానీ సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి కావాల్సింది లింగంపల్లి నుంచి గచ్చిబౌలికి, కూకట్‌పల్లి నుంచి బాలానగర్‌కి క్షేమమైన దారి. ఆంధ్రలో 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. సైకిలిస్తే బడి దగ్గరైంది, నిజమే. ఇలాంటి సైకిళ్ళతో పాటు ఒక లైటూ, రెండు కాలిపట్టీలూ కూడా చేతికివ్వాలని నా కోరిక. పెద్ద ఖర్చేం కాదు.

ఇంకో పని చెప్తాను, ఈ ఆదివారమే చెయ్యి. నంబరు ప్లేట్లు చేసే రేడియం షాపులో ఎర్రదొకటి, తెల్లదొకటి మెరిసే టేపు తెచ్చుకో, నీ సైకిల్‌కి అంటించాక తప్పకుండా మిగులుతుంది. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సైకిల్, తెల్లారకముందే పాల ప్యాకెట్లు వేసే అతని సైకిల్, ఇళ్ళల్లో పనికి సైకిల్ మీద వచ్చే అమ్మ ఉంటే ఆమె సైకిల్ కూడా అడిగి తీసుకో. వాటికి రిఫ్లెక్టర్లు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి. ఎర్రది వెనక మడ్‌గార్డుకి, తెల్లది ముందు ఫోర్కుకి, చిన్న ముక్కలు పెడళ్ళ పక్కన క్రాంకులకి రెండువైపులా. ముందు సబ్బునీళ్ళతో గ్రీజు వదిలేలా తుడిచి, బాగా ఆరనిచ్చి అంటించు. టేపు అంచుల్ని బొటనవేలితో గట్టిగా నొక్కు, లేకపోతే మొదటి వానకే లేచిపోతుంది.