బిగువు: చేతి యంచనా, టార్కు పానా

1978వ సంవత్సరమున కియోనిక్సు సంస్థ కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల నేలలో 332 ఎకరములపై ఎలక్ట్రానిక్ సిటీని నెలకొల్పినది. నాటినుండి యిచ్చటికిని, చేరువనున్న బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలకును అనంతపురము, చిత్తూరు మొదలగు జిల్లాలనుండి పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వీరి బిడ్డలలో కొందరు పదవ తరగతి ముగిసిన వెంటనే ఐ.టి.ఐ.లో గాని డిప్లొమా తరగతిలో గాని చేరుదురు. అచ్చట టార్కు పానా చేతికిచ్చి నేర్పుదురు. పిల్లవాడు ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగా తండ్రి నవ్వును. "ఇన్నేళ్ళు మేము చేత్తోనే బిగించాము. ఏ నట్టు ఊడింది?" అనును. తండ్రి మాటను త్రోసివేయక, పిల్లవాని పాఠమును చులకన చేయక, ఈ విషయమును కొంత పరిశీలింతము.

బోల్టును బిగించుట యనగా నేమి? నట్టు ఇక తిరుగకుండుటయే బిగువని పలువురు తలంతురు. అది సరికాదు. నట్టును త్రిప్పినకొలది బోల్టు కాడ వెండ్రుకవాసి సాగును. సాగిన ఉక్కు తిరిగి ముడుచుకొనజూచును. ఆ ముడుచుకొను బలమే రెండు పలకలను అదిమిపట్టి యుంచును. ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగుట చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కమ్మరి పట్టాను ఎఱ్ఱగ కాల్చి, వేడికి పెరిగిన దానిని కొయ్యచక్రముపై దింపి, నీరు చల్లును. చల్లారిన పట్టా ముడుచుకొని చక్రమంతటిని బిగబట్టును. పట్టా వదులైనచో దారిలో ఊడును; మరీ కురచైనచో చక్రపు ఆకులు వంకరపోవును. ఆ కొలత కమ్మరి చేతిలో నుండెడిది.

బోల్టు విషయమున చేతికి సాగుదల తెలియదు. తెలియునది పానాను త్రిప్పుటకు పట్టు బలము మాత్రమే. ఆ బలమును పానా పొడవుతో గుణించినచో వచ్చునది బలభ్రామకము; కర్మాగారములలో దీనినే టార్కందురు, న్యూటన్ మీటర్లలో కొలుతురు. ఈ శ్రమలో బోల్టును సాగదీయుటకు వినియోగపడునది సుమారు పదవ వంతు మాత్రమే. దాదాపు సగము నట్టు అడుగున రాపిడికిని, తక్కినది మరలలోని రాపిడికిని పోవును. కావున త్రుప్పు పట్టిన బోల్టు బిగువు లేకయే గట్టిగా తోచును. నూనె పూసిన బోల్టు మెత్తగా తోచుచునే మితిమీరి సాగును.

పానాలు చేసినవారు ఈ చిక్కును కొంత యెఱిగియే యున్నారు. పది నంబరు పానా జానెడైనను ఉండదు; పెద్ద నంబరు పానా పొడవు హెచ్చు. అందుచే చేయి ఒకే బలమును చూపినను చిన్న బోల్టునకు తక్కువ టార్కు చేరును. ఐనను ఈ యేర్పాటు చాలదు. ఒకే రకపు ఉక్కుతో చేసిన బోల్టులలో వ్యాసము రెట్టింపైనచో కావలసిన టార్కు ఎనిమిది రెట్లగును. 8.8 తరగతి బోల్టులలో 6 మిల్లీమీటర్ల దానికి సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలును. 12 మిల్లీమీటర్ల దానికి సుమారు 80 కావలెను. పానా పొడవు ఎనిమిది రెట్లు పెరుగదు గదా! అందువలననే చేతి బిగింపులో చిన్న బోల్టులు తెగుటయు, పెద్దవి వదులుగ నుండిపోవుటయు తరచుగ జరుగును.

మోటారు సైకిలు ఇంజను అడుగున నూనె వదలు బోల్టును చూడుడు. బోల్టు ఉక్కుది, ఇంజను గుల్ల అల్యూమినియముది. నూనె కారరాదని మెకానిక్కు ఇంకొక పట్టు పట్టును. మెత్తని అల్యూమినియపు మరలు ఒలిచికొని వచ్చును. తెగేదాకా లాగరాదని పెద్దలన్నది ఇచ్చట అక్షరాల నిజము. అసలు నూనె నాపునది బోల్టు క్రింది వాషరు. దానిని మార్చక బోల్టుపై కోపము చూపుటవలన ప్రయోజనము లేదు.

న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనునాయన, గొట్టముల కూడళ్ళలో బోల్టులను అతిగా బిగింపకుండుటకై 1918లో టార్కు పానాను రూపొందించెనని చెప్పుదురు. నేడు మన వర్క్‌షాపులలో తరచుగ కనబడునది పిడి త్రిప్పి సంఖ్య పెట్టుకొను రకము. ఆ టార్కు చేరగనే "టక్కు"మని సంకేత మిచ్చును; అంతట ఆపవలెను. ఇంకొక టక్కుకై లాగువారికి ఆ పానా ఉన్నను లేనట్లే. పిడినే పట్టి నిదానముగ లాగవలెను. గొట్టము తొడిగి పొడవు పెంచరాదు. బిగిసిన నట్టు విప్పుటకు వాడరాదు. పని ముగిసిన పిదప కనిష్ఠ సంఖ్యకు తగ్గించి పెట్టెలో నుంచవలెను. ఏడాదికొకమారో, 5,000 బిగింపులకొకమారో, ఏది ముందైన అప్పుడు, దానిని సరిచూపించుట మంచిది.

ఇక తండ్రి ప్రశ్నకు వత్తము. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో వెలువరించిన బిగింపు సామగ్రి గ్రంథమున నొక పట్టిక కలదు. చేతి యంచనాతో బిగించినపుడు బోల్టులోని బిగువు 35 శాతము అటునిటు కావచ్చును. టార్కు పానాతో 25 శాతము. నట్టును కొలిచినంత కోణము త్రిప్పినచో 15 శాతము. బోల్టు సాగిన పొడవునే కొలిచినచో 3 మొదలు 5 శాతము. చేతికిని టార్కు పానాకును నడుమ వ్యత్యాసము మనము తలంచినంత లేదు! ఏలయన పానా కొలుచునది టార్కునే కాని బిగువును కాదు. రాపిడి దానిని సైతము మోసగించును. మరలను తుడువక, నూనె యున్నదో లేదో చూడక, సంఖ్య పెట్టి లాగు పిల్లవాడు తండ్రికన్న మేలైన పని చేయుచున్నాడని చెప్పజాలము. మర వంకరగ ఎక్కుచున్నదని, ఇసుక అడ్డుపడినదని, బోల్టు లొంగిపోవుచున్నదని ముందుగ పసిగట్టునది చేయియే. తండ్రి తన బిడ్డకు నేర్పదగిన విద్య యిది. అయినను చేతికి అలసట కలదు. ఉదయపు పట్టు సాయంకాలమున నుండదు. ఒకని పట్టు వేరొకనికి రాదు. ఒక మూతకు ఎనిమిది బోల్టులున్నచోట అన్నియు సమముగ నుండవలెనన్నచో పానాయే శరణ్యము.

బిడ్డలను మోయు బస్సు చక్రముల విషయమున మాత్రము మేము చేతి యంచనాను ఒప్పుకొనము. పెద్ద బస్సు చక్రపు నట్టుకు తరచుగ 500 మొదలు 600 న్యూటన్ మీటర్లు కావలసియుండును. అనగా మీటరు పొడవు కడ్డీ చివర 50, 60 కిలోల బరువు. గొట్టము తొడిగి దానిపై నిలిచి త్రొక్కుట మనమందరము చూచినదే. త్రొక్కువాడు బక్కవాడైన ఒక బిగువు, భారీ మనిషియైన ఇంకొక బిగువు. చక్రము మార్చిన పిదప కొంతదూరము నడచినంతనే నట్టులను మరల సరిచూడవలెను. రంగు, త్రుప్పు, దుమ్ము నలిగి అమరుటచే బిగువు తగ్గును. ఏ సంఖ్యకు బిగించితిరి, మరల ఎప్పుడు చూచితిరి అని తల్లిదండ్రులు బస్సువారిని అడుగుటలో తప్పులేదు. ఆ సంఖ్య వాహనముతో వచ్చిన పుస్తకమున నుండును.

టార్కు పానా లేని యింటను ఈ పాఠము చేయవచ్చును. కొక్కెముగల స్ప్రింగు కాటా నొకటి తెచ్చుకొనుడు. పాత బోల్టును బెంచి వైసులో పట్టించి, పిల్లవాడు నట్టును చేతితో బిగించి, ఎంత టార్కు పడినదో ఊహించి కాగితముపై వ్రాయవలెను. పిమ్మట పొడుగు పానాకు, బోల్టు నడిమినుండి 25 సెంటీమీటర్ల దూరమున త్రాటితో కొక్కెమును తగిలించి, పానాకు లంబముగ మెల్లగ లాగవలెను. నట్టు కదలనారంభించునపుడు కాటా 10 కిలోలు చూపినచో అది సుమారు 25 న్యూటన్ మీటర్లు. తరువాత తండ్రియు అట్లే ఊహించి వ్రాయవలెను. బండి బోల్టులపై మాత్రము ఈ ప్రయోగము వలదు.