మరల మైదానానికి: పెయింట్‌బాల్ సామగ్రిని మితవ్యయంతో ఎన్నుకొనుట

మనిషి కొంతకాలం విడిచిపెట్టిన విద్యను గాని, క్రీడను గాని తిరిగి చేపట్టేటప్పుడు అతని మనస్సులో రెండు భావాలు పోటీ పడుతుంటాయి. ఒకటి ఉత్సాహం, రెండవది, జారిపోయిన కాలాన్ని ధనమిచ్చి కొనుక్కొందామనే ఆతురత. మొదటిది మేలు చేస్తుంది. రెండవది జేబును ఖాళీ చేయడమే గాక, ఒక్కొక్కప్పుడు ప్రమాదానికి కూడా దారి తీస్తుంది. ఈ మాట పుస్తకాలలో చూచి వ్రాయడం లేదు, స్వానుభవంతో వ్రాస్తున్నాను.

ఈ కళాశాలలో బి.యస్సీ. పూర్తిచేసి, పై చదువుకై అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి వెళ్ళిన రోజులలో తోటి విద్యార్థులతో కలిసి పెయింట్‌బాల్ అనే క్రీడను అలవరచుకొన్నాను. ఉద్యోగం, సంసారం మీద పడిన పిమ్మట ఎనిమిది సంవత్సరాలు ఆ వైపు తిరిగి చూడలేదు. గత సంవత్సరం మరల ఆడదలచి అటక మీది పాత పెట్టెను దించాను. అప్పుడు నేను చేయబోయిన పొరపాటు, దాని నుండి నేర్చుకొన్న పాఠం – ఈ రెండింటినీ విద్యార్థి మిత్రులకు, కళాశాల కార్యవర్గ సభ్యులకు విన్నవించుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. క్రీడ పుట్టుక

మన ప్రాంతంలో ఈ క్రీడ పేరు విన్నవారు కొందరే గనుక దాని పూర్వాపరాలను క్లుప్తంగా చెప్పవలసి ఉన్నది. అమెరికాలో అడవులను సంరక్షించేవారు నరకవలసిన చెట్లకు దూరం నుండే రంగు గుర్తు పెట్టడానికి, పశువుల కాపరులు మందలోని పశువులకు గుర్తు వేయడానికి ఒక విధమైన గాలి తుపాకిని వాడేవారు. నెల్సన్ పెయింట్ కంపెనీ వారు అమ్మిన నెల్‌స్పాట్ 007 అటువంటి సాధనమే. 1981 జూన్ 27వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అనే ఊరి అడవిలో పన్నెండుమంది వ్యక్తులు ఈ సాధనాలను చేతబట్టి మొట్టమొదటి ఆట ఆడారు. చార్లెస్ గెయిన్స్, హేయెస్ నోయెల్, బాబ్ గర్న్‌సీ అనే ముగ్గురు దానికి మూలపురుషులు. అడవిలో వేర్వేరు చోట్ల ఉంచిన జెండాలను, ఇతరుల రంగు గుళిక తగలకుండా సేకరించి బయటపడడమే ఆ ఆట.

ఆనాడు గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి. అతడు ఆట ముగిసేవరకు ఒక్క గుళిక కూడా పేల్చలేదు. చెట్ల చాటున నెమ్మదిగా నడచి, జెండాలన్నీ తీసుకొని వెళ్ళిపోయాడు. ఈ సంగతిని పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెనని ప్రార్థన. సామగ్రి కొనడానికి అంగడికి వెళ్ళే ప్రతి క్రీడాకారునికి ఇది తొలి పాఠం కావలెను.

గుర్తు వేసే సాధనం గనుక దీనిని నేటికీ మార్కర్ అనే పిలుస్తారు. గుళిక వ్యాసం 0.68 అంగుళం, అనగా సుమారు 17 మిల్లీమీటర్లు. పైపొర జెలటిన్‌తో చేసినది. లోపల నీటితో కడిగితే పోయే రంగు ఉంటుంది. మార్కర్ మీద గుళికలను నింపే డబ్బాను హాపర్ అంటారు. గుళికను నెట్టే శక్తి సిలిండర్‌లోని వాయువు నుండి వస్తుంది. ముఖాన్ని కాపాడేది మాస్క్. మాస్క్, సిలిండర్, గుళికలు, మార్కర్ – ఈ నాలుగే ముఖ్యమైన ఖర్చులు.

2. నేను వేసిన తప్పు లెక్క

పెట్టె దించిన రోజున నా ఆలోచన ఈ విధంగా సాగినది. పాత మార్కర్ మోటుగా ఉన్నది. కనుక ఉన్న సొమ్మంతా వెచ్చించి బ్యాటరీతో పనిచేసే కొత్త మార్కర్ కొనవలెను. మాస్క్ చూడడానికి బాగానే ఉన్నది. ఈ ఏటికి దానితోనే సరిపెట్టుకొనవచ్చును.

నా కుమార్తె ఆ మాస్క్‌ను ఆటవస్తువుగా తీసుకొని, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, "పప్పా, దీనిలో వెంట్రుక ఉంది" అన్నది. గుడ్డతో తుడిచాను, పోలేదు. గోటితో గీకాను, కదలలేదు. అది వెంట్రుక కాదు, అద్దపు అంచు నుండి లోనికి పాకిన పగులు. ఆ మరుసటి శనివారమే నేను దానిని ధరించి మైదానంలో నిలబడవలసి ఉన్నది. ఆ రాత్రి కాగితం తీసుకొని నా లెక్కను మొదటి నుండి తిరగవ్రాశాను.

3. మొదటి ఖర్చు: మాస్క్

ఈ కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకులు నల్లబల్ల మీద గతిజశక్తి సూత్రం వ్రాసి, ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించమని మాకు నేర్పారు. ఆ సూత్రం నాకు ఆ రాత్రి అక్కరకు వచ్చినది. రంగు గుళిక బరువు సుమారు 3 గ్రాములు. మైదానాలలో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 300 అడుగులు, అనగా సుమారు 91 మీటర్లు. లెక్క వేస్తే శక్తి 12 జౌళ్ళకు పైగా వస్తుంది. ఒక కిలో తూకపు రాయి ఒకటింబావు మీటరు ఎత్తు నుండి పడితే ఎంత శక్తి ఉంటుందో ఇంచుమించు అంతే.

ఒంటి మీద తగిలితే కమిలి, నాలుగు రోజులలో మానిపోతుంది. కంటి సంగతి వేరు. క్రికెట్ బంతి వంటి పెద్ద వస్తువును కంటి చుట్టూ ఉన్న ఎముక కొంతవరకు అడ్డగించగలదు. 17 మిల్లీమీటర్ల గుళిక ఆ ఎముకల నడుమ నుండి సూటిగా కనుగ్రుడ్డుకే తగులుతుంది. అట్టి దెబ్బకు లోపల రక్తస్రావం కావచ్చును; రెటీనా ఊడిపోవచ్చును; చూపు శాశ్వతంగా పోవచ్చును. సర్వేంద్రియాలలో నయనం ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు.

కావున మాస్క్ విషయంలో ఈ నియమాలు పాటించవలెను. అమెరికాలో దీని కొరకు ఎ.ఎస్.టి.ఎమ్. ఎఫ్ 1776 అనే ప్రమాణం కలదు. ఆ గుర్తు లేని దానిని ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. మోటారు సైకిలు కళ్ళద్దాలు, కర్మాగారపు కళ్ళద్దాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. పాత మాస్క్ అద్దాన్ని మార్చకుండా వాడరాదు. చాలా మాస్క్‌లకు అద్దం విడిగా దొరుకుతుంది గనుక, చట్రం, నురుగు దిండు, పట్టీ దృఢంగా ఉంటే కొత్త అద్దంతో సరిపోతుంది. రెండు పొరల అద్దం కొంచెం ఖరీదైనా ఆవిరి తక్కువగా పడుతుంది. ఆవిరి పట్టిన మాస్క్‌ను ఆట మధ్యలో పైకెత్తినవాడే ఎక్కువగా ప్రమాదానికి లోనవుతాడు గనుక ఆ అదనపు ఖర్చు వృథా కాదు. అద్దాన్ని మెత్తని గుడ్డతో, నీటితో తుడవవలెనే గాని అమోనియా కలిసిన ద్రవాలు వాడరాదు.

ఉర్దూలో ఒక సామెత కలదు: "మహెంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్." ఖరీదైనది కొన్నవాడు ఒకసారి ఏడుస్తాడు, చౌకది కొన్నవాడు మాటిమాటికీ ఏడుస్తాడని భావం. తక్కిన వస్తువుల మాట ఎట్లున్నా, మాస్క్ విషయంలో ఈ సామెత అక్షరసత్యం.

4. రెండవ ఖర్చు: సిలిండర్

సిలిండర్లు రెండు రకాలు. పూర్వం బొగ్గుపులుసు వాయువును నింపినవి ఎక్కువగా వాడేవారు. అందులో వాయువు ద్రవరూపంలో ఉండి, బయటికి వచ్చేటప్పుడు ఆవిరిగా మారుతుంది. వెంటవెంటనే పేల్చితే సిలిండర్ చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది. గుళికల వేగం నిలకడగా ఉండదు. ద్రవం లోపలికి చొరబడితే మార్కర్‌లోని రబ్బరు వలయాలు చెడిపోతాయి. రెండవ రకంలో మామూలు గాలినే అధిక పీడనంతో నింపుతారు. ఇది నిలకడగా పనిచేస్తుంది. మితవ్యయం కోరేవారికి 48 ఘనపుటంగుళాల పరిమాణం, 3000 పి.ఎస్.ఐ. పీడనం గల అల్యూమినియం సిలిండర్ యోగ్యమైనది. కార్బన్ పోగులతో చుట్టిన 4500 పి.ఎస్.ఐ. సిలిండర్ తేలిక, గాలి ఎక్కువ పడుతుంది. కాని ధర కూడా ఎక్కువే.

పాత సిలిండర్ ఉన్నవారు, ఇతరులు వాడినది కొనదలచినవారు దాని మెడ దగ్గర ముద్రించిన తేదీని తప్పక చదవవలెను. అమెరికాలో ఇటువంటి సిలిండర్లను సాధారణంగా ఐదేళ్ళకొకసారి నీటిపీడన పరీక్షకు పంపవలెను. గడువు దాటినదానిలో మైదానం వారు గాలి నింపరు. కార్బన్ సిలిండర్లకు సాధారణంగా 15 సంవత్సరాల ఆయుర్దాయం. అది తీరిన పిదప పరీక్షకు కూడా పనికిరావు. కొనే ధరకు పరీక్ష ఖర్చును కలిపి చూస్తే, చౌకగా దొరికిన పాతదాని కంటె కొత్తదే చౌక కావడం కద్దు.

5. మూడవ ఖర్చు: గుళికలు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. ఈ క్రీడలో మార్కర్ గుర్రమైతే గుళికలు దాణా. గుర్రాన్ని ఒక్కసారే కొంటాము. దాణా నిత్యం పెట్టవలెను. క్రొత్తవారు, తిరిగి వచ్చినవారు మరచిపోయేది దీనినే.

గుళికలు పెట్టెకు 2000 చొప్పున అమ్ముతారు. మామూలు హాపర్‌లో సుమారు 200 పడతాయి. సెకనుకు పది గుళికలు పేల్చే బ్యాటరీ మార్కర్ చేతిలో ఉంటే ఆ 200 గుళికలు ఇరవై సెకనులలో అయిపోతాయి. రోజుకు 1000 గుళికలు పేల్చేవాడు రెండు రోజులలో ఒక పెట్టె ఖాళీ చేస్తాడు. రోజుకు 250తో తృప్తిపడేవానికి అదే పెట్టె ఎనిమిది రోజులు వస్తుంది. మార్కర్ ధరను మాత్రమే చూచేవాడు ఈ భేదాన్ని గుర్తించడు.

మరియొక విషయం. చాలా మైదానాలలో తమ వద్ద కొన్న గుళికలనే వాడవలెననే నియమం ఉంటుంది. కనుక బయట చౌకగా దొరికినవని పెట్టెలు కొని ఇంట నింపుకొనడానికి ముందు మైదానం వారిని అడిగి తెలిసికొనవలెను. జెలటిన్ తేమను పీల్చి ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది. టెక్సాస్ ఎండలో కారులో మరచిన పెట్టె సాయంత్రానికి పనికిరాని ముద్ద అవుతుంది. పోయిన ఏటి గుళికలు మార్కర్ గొట్టంలోనే పగిలి ఆటను పాడుచేస్తాయి. ఆ రోజుకు కావలసినంతే కొనడం ఉత్తమం.

6. చివరి ఖర్చు: మార్కర్

మార్కర్‌ను చివర పేర్కొనడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని వరుస ఇదే. 1998లో వచ్చిన టిప్‌మన్ 98 వంటి లోహపు యాంత్రిక మార్కర్లు బ్యాటరీ లేకుండా ఏళ్ళ తరబడి పనిచేయగలవు. పాతది ఇంట ఉన్నవారు దానిని పారవేయక విప్పి చూడవలెను. ఎన్నో ఏళ్ళు కదలకుండా ఉన్న మార్కర్‌లో ముందుగా చెడేవి రబ్బరు వలయాలు. అవి ఎండి బిరుసెక్కి గాలిని వదిలివేస్తాయి. కొత్త వలయాల ధర స్వల్పం. వాటిని మార్చి, తయారీదారులు చెప్పిన నూనె వేస్తే చాలా సందర్భాలలో మార్కర్ తిరిగి ప్రాణం పోసుకొంటుంది. నా పాత మార్కర్ ఆ విధంగానే బాగుపడినది.

ఒక్కొక్క గుళికకు ఒక్కొక్కసారి చేతితో లాగవలసిన పంపు మార్కర్లు కూడా ఉన్నవి. అవి గుళికలను పొదుపు చేస్తాయి. చూచి, ఆలోచించి పేల్చడం నేర్పుతాయి. ఏ మార్కర్ అయినా మైదానంలోని వేగమాపకం వద్ద పరీక్షించిన పిదపనే ఆటలోకి తీసుకొనిపోవలెను. ఆటలో లేనప్పుడు గొట్టం మూతికి గుడ్డ తొడుగు ఉండి తీరవలెను. ఈ తొడుగు ధర అతి స్వల్పం; దాని అవసరం మాత్రం మాస్క్ తరువాత అంతటిది.

ఇంట ఏమీ లేనివారు తొందరపడక, సొంత మాస్క్ మాత్రం కొనుక్కొని, మొదటి రెండు మూడు వారాలు మైదానంలో అద్దెకిచ్చే మార్కర్‌తో ఆడడం మంచిది. తిరిగి వచ్చిన ఉత్సాహం నిలుస్తుందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. శరీరం ఎనిమిదేళ్ళ నాటిది కాదన్న సంగతి కూడా తెలుస్తుంది.

7. ముగింపు

నేను చివరకు కొన్నవి కొత్త మాస్క్, ఒక అల్యూమినియం సిలిండర్, కొన్ని రబ్బరు వలయాలు, ఒక తొడుగు. కొత్త మార్కర్‌కు దాచిన సొమ్ములో సగం మిగిలినది. ఆ శనివారం మూడవ ఆటలో ఒక గుళిక నా ఎడమ కంటికి ఎదురుగా తగిలి అద్దం మీద పగిలినది. రంగు తుడుచుకొని, చేయి పైకెత్తి, మైదానం బయటికి నడిచాను. వెంట్రుకవంటి ఆ పగులు గుర్తుకు వచ్చి కొంతసేపు బల్ల మీద మౌనంగా కూర్చుండిపోయాను.

విద్యార్థి మిత్రులారా! మీలో పెయింట్‌బాల్ ఆడేవారు కొద్దిమందే కావచ్చును. కాని ప్రతి క్రీడకు ఇదే వరుస వర్తిస్తుంది. ముందు శరీరాన్ని కాపాడేది, తరువాత నిత్యం ఖర్చయ్యేది, ఆ పిదపనే చేతికి శోభనిచ్చేది. కార్యవర్గం వారికి కూడా నా మనవి ఒకటే. క్రీడాసామగ్రికి సొమ్ము కేటాయించే వేళ కొత్త బ్యాట్ల కంటె ముందు హెల్మెట్లను, ప్యాడ్లను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఆ తరువాత ఏడాది పొడుగునా కావలసిన బంతుల లెక్క వేయండి. మిగిలిన దానితో బ్యాట్లు కొనండి.

1981లో హెన్నికర్ అడవిలో జెండాలన్నీ గెలిచిన వ్యక్తి ఒక్క గుళికైనా పేల్చలేదన్న మాట మరువవద్దు. ఓర్పు అంగట్లో దొరకదు. దానికి వెలయును లేదు. చూపునకు మాత్రం వెల కలదు. ఆ వెలను ముందుగానే చెల్లించుట వివేకం.