ఎండు తెగులును మొక్క ఎదుర్కొను విధము

గుంటూరు, ప్రకాశం జిల్లాల రేగడి చేలలో పత్తిగాని మిరపగాని వడలినచో, రైతు ముందుగా మందుల దుకాణమునకు పోవును. అంతకు పూర్వమే ఒక మొక్కను పెరికి, కాండము మొదలును నిలువుగా చీల్చి చూడవలెను. ఈ పరీక్షకు కొడవలి చాలును. లోపల గోధుమరంగు చారలున్నచో అది సాధారణముగా ఫ్యూజేరియం అను శిలీంధ్రము పని.

ఈ శిలీంధ్రము నేలలో ఏండ్ల తరబడి జీవించి, వేళ్ళగుండా దూరి, నీరెక్కు నాళములలో పెరుగును. మొక్కయు ఊరకుండదు. నాళముల ప్రక్క కణములు బుడగలవలె లోనికుబ్బి, జిగురుతో దారిని మూయును. శిలీంధ్రమునకు విషమగు పదార్థములను పుట్టించును. ఇచ్చట వేగమే ప్రధానము. నిరోధక రకము శత్రువు పైకి ప్రాకకమునుపే అడ్డుకట్ట వేయును. లొంగిపోవు రకము ఆలస్యముగా మేల్కొని తన నీటిదారినే పోగొట్టుకొనును. కొన్ని రకములు తెగులు సోకినను కొంత దిగుబడి నిచ్చును. ఇది సహనమే గాని నిరోధము కాదు. అట్టి చేనిలో శిలీంధ్రము మిగిలియే యుండును.

మన దేశపు ఫ్యూజేరియం నాటుపత్తిని చంపును గాని అమెరికా జాతి దానిని చాలవరకు ఎదిరించును. నేటి బి.టి. సంకరములలో అధికభాగము ఆ జాతివే. బెట్ట వెనుక పెద్దవాన కురియగా అవి వాలి, కాండములో చారలు లేకున్నచో, శిలీంధ్రనాశకము కొనుట దండుగ. అది నీటి ముంపు వలన కలుగు వడలు. నిలిచిన నీటిని వెంటనే తీయవలెను. మురుగు కాలువలు పూడియున్నచో ఒక్క రైతు వలన కాదు, పంచాయతీయే పూనుకొనవలెను.

చారలున్న మిరప మొక్కలను కాలువలో పడవేయక కాల్చవలెను. సందేహమున్నచో వేళ్ళతోసహా మొక్కను గుంటూరు చెంత లాం పరిశోధనా స్థానమున చూపవచ్చును.