సౌరవిద్యుత్తునకు తగిన కవచపు కేబులు

సూర్యరశ్మినుండి విద్యుచ్ఛక్తిని పుట్టించు ఫలకములు నేడు పట్టణములందును పల్లెలందును మేడలపై కానవచ్చుచున్నవి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకము కోటి గృహములకు ఈ సౌకర్యమును కల్పింప నుద్దేశించినది. ఫలకములను కొనునపుడు గృహస్థులు వాని ధరను, గ్యారంటీని విచారింతురు. ఆ శక్తిని ఇంటిలోనికి తెచ్చు కేబులును గూర్చి విచారించువారు అరుదు. కేబులు తగినది కానిచో విద్యుదాఘాతమును, అగ్నిప్రమాదమును సంభవింపగలవు.

అపాయ మెట్టిది?

ఫలకములనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము, అనగా డి.సి. మన ఇంటి సరఫరా ఏ.సి. అది సెకనుకు 100 మార్లు శూన్యమునకు వచ్చును గనుక, తెగిన తీగెల నడుమ పుట్టిన మంట ఆరుటకు అవకాశము కలదు. డి.సి. ఎడతెగక ప్రవహించును, దాని మంట సులభముగా ఆరదు. అంతియేగాక, మెయిన్ స్విచ్చిని ఆపివేసినను, ఎండ యున్నంతవరకు ఫలకముల కేబులులో విద్యుత్తు ఉండును.

ఏ భాగమునకు ఏ కేబులు?

1. ఫలకములనుండి ఇన్వర్టరువరకు ఐ.ఎస్. 17293 ప్రమాణముగల సోలార్ కేబులు వాడవలెను. ఇది 1500 వోల్టుల డి.సి.కి తగినది, ఎండకు వానకు ఓర్చును. దీనికి సాధారణముగా కవచముండదు. కావున మనుష్యులు తిరుగుచోట్ల దీనిని గొట్టములో నడుపవలెను.

2. ఇన్వర్టరునుండి మీటరువరకు ఏ.సి. కేబులు ఆరుబయటగాని నేలలోగాని పోవునపుడు కవచముగల కేబులు మేలు. ఎలుకల పండ్లకు, గునపపు పోటుకు ఉక్కు కవచము అడ్డుపడును. ఐ.ఎస్. 7098 మొదటి భాగము ననుసరించిన ఎక్స్.ఎల్.పి.ఇ. కేబులు 90 డిగ్రీల సెల్సియస్ వేడికి ఓర్చును, ఐ.ఎస్. 1554 మొదటి భాగపు సాధారణ పి.వి.సి. కేబులు 70 డిగ్రీలకే ఓర్చును. వేసవిలో కాగు మేడలపై ఈ భేదము ముఖ్యము.

3. ఒకే కోరు గల ఏ.సి. కేబులునకు ఉక్కు కవచము పనికిరాదు. అది అయస్కాంత ప్రభావముచే వేడెక్కును. అచ్చట అల్యూమినియము కవచము ఉండవలెను.

కవచ మొక్కటియే చాలదు

లోపలి తొడుగు చెడినచో కవచమునకే విద్యుత్తు ప్రాకును. దానిని గ్లాండుతో బిగించి ఎర్తునకు కలిపినపుడే ప్రవాహము భూమికి పోయి, రక్షక సాధనము సరఫరాను తెంచును. ఎర్తు లేని కవచము రక్షణ కాదు, ప్రమాదమే. నేలలో వేయు కేబులు కనీసము 75 సెంటీమీటర్ల లోతున ఉండవలెను. దాని వ్యాసమునకు 12 రెట్లకంటె తక్కువ వంపుతో వంచరాదు.

సొమ్ము చెల్లించుటకు ముందు

కేబులుపై ఐ.ఎస్.ఐ. గుర్తును, ప్రమాణ సంఖ్యను, లైసెన్సు సంఖ్యను చదువుడు. లైసెన్సు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూచుకొనవచ్చును. ఎర్తు పరీక్ష ఫలితమును వ్రాతపూర్వకముగా అడుగుడు. పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనునకే అప్పగింపుడు.

ఆఘాతము తగిలినచో

బాధితుని తాకవలదు. మొదట ఏ.సి., డి.సి. స్విచ్చులు రెండింటిని ఆపివేయుడు. అది సాధ్యము కానిచో పొడి నేలపై నిలిచి పొడి కర్రతో అతనిని వేరుచేయుడు. వెంటనే 108కిగాని 112కుగాని ఫోను చేయుడు. శ్వాస ఆడనిచో ఛాతీ నడుమ నిమిషమునకు 100 నుండి 120 మార్లు గట్టిగా నొక్కుచుండుడు.

కేబులుపై మిగిల్చిన కొద్ది రూపాయలు ప్రాణముకంటె విలువైనవి కావు.