ఒక్కడే ఆడేస్తున్న నలుగురి ఆట

ప్రశ్న: పసుపు బేరం మీద నలుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్ తయారు చేస్తున్నాం. తీరా ఆడితే ఒక్కడే అన్నీ చేసేస్తున్నాడు, మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటున్నారు. ఏం మార్చాలి?
– ఓ పాఠకుడు, ఏర్గట్ల

జవాబు: మీ ఆటలో అందరికీ అన్నీ కనబడుతున్నాయి, అందరికీ అన్నీ చేతనవుతున్నాయి. ఇక పక్కవాడితో పనేముంది?

మీ ఊరి పసుపునే చూడండి. తవ్వాక ఉడకబెట్టాలి, కళ్లంలో ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. బాగా ఎండిన కొమ్మును వంచితే టప్పున విరుగుతుంది. పచ్చి మిగిలితే ధర పడిపోతుంది. ఆటలో ఆ తేమ ఒకరికే తెలియాలి. నిజామాబాద్ యార్డు ధర మరొకరికే కనబడాలి. బండి మూడోవాడిది, కూలీల ఖర్చు నాలుగోవాడి చేతిలో. అప్పుడు మాట్లాడుకోక చస్తారా!

బస్తాలు ఎక్కువొస్తే ధర దిగేలా పెట్టండి. లాభం మాత్రం ఉమ్మడి.

అమ్మకం మరీ సులువు చేయకండి. డయాబ్లో 3 అనే గేమ్‌లో వేలంపాట కొనుగోళ్లు అసలు ఆటనే మింగేస్తున్నాయని 2014లో ఆ వేలంపాటను ఎత్తేశారు.

ముందు కాగితం చీటీలతో నలుగురిని కూర్చోబెట్టి ఆడించండి. రెండు మూడు మార్పుల తర్వాతా ఒకడిదే పెత్తనమైతే అనుభవమున్న గేమ్ డిజైనర్‌కు చూపించండి. నిజం డబ్బు పెట్టించే ఆలోచన ఉంటే మాత్రం ముందే న్యాయవాదిని కలవండి. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది.