బుజ్జమ్మ ఇంటికి హీట్ పంప్ రాకముందు

హీట్ పంప్ వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. ఫ్రిజ్ తన కడుపులోని వేడిని వెనక్కి నెట్టినట్టే, ఇది పెరట్లోని చలిగాలి నుంచి వేడిని పిండి ఇంట్లో వదులుతుంది. చలి ప్రాంతాల కోసం చేసిన రకం మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా ఒక యూనిట్ కరెంటుకి కనీసం ఒకటిముప్పావు యూనిట్ల వేడి ఇవ్వాలని అమెరికా ఈశాన్య రాష్ట్రాల యంత్రాల జాబితాకి ఉన్న నియమం. మోసే పని కంప్రెసర్‌ది, కంప్రెసర్‌ని నడిపేది కరెంటు. ఆయిల్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో శీతాకాలపు బరువంతా నూనె ట్యాంకు మీద ఉంటుంది, బర్నరుకీ ఫ్యానుకీ మాత్రమే కాస్త కరెంటు ఖర్చవుతుంది. హీట్ పంప్ బిగించిన రోజు నుంచి ఆ బరువు వైర్ల మీదికి మారుతుంది. అందుచేత యంత్రం కంటే ముందు వైర్లని సిద్ధం చేసుకోవాలి.

బుజ్జమ్మ పోయిన ఉత్తరంలో ఈ సంగతికి దక్కింది ఒక్క వాక్యం. ప్యానెల్ మార్చి 200 ఆంపియర్లది పెట్టకపోతే పని జరగదని కాంట్రాక్టర్ అన్నాడనీ, రిబేటు చేజారుతుందేమోనని నెలాఖరులోగా సంతకం పెట్టేస్తున్నామనీ. ఆ వాక్యం చదివాక పెదనాన్నకి రెండు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. ఉత్తరమైతే సగంలో పక్కన పెట్టి, నోట్సయితే ఆఖరి దాకా చదవడం ఆ పిల్లకి పదో తరగతి నాటి అలవాటు. అందుకే ఇది నోట్సు.

బుజ్జమ్మ వాళ్లుండే వూస్టర్ చుట్టుపక్కల 1920ల్లో కట్టిన చెక్క ఇళ్లలో గోడల్లో ఇంకా నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ మిగిలి ఉండవచ్చు. పింగాణీ గుబ్బల మీద, పింగాణీ గొట్టాల్లోంచి రెండు వైర్లూ విడివిడిగా సాగే పాత పద్ధతి అది. మన మండువా ఇంట్లో టేకు పట్టీల మీద తీసిన వైరింగ్‌కి దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆ వైర్లు చుట్టూ ఉన్న గాలి వల్ల చల్లబడతాయి. వాటి మీద ఇన్సులేషన్ కప్పితే వేడి బయటికి పోయే దారి ఉండదు, కోడ్ దానికి ఒప్పుకోదు. మసాచుసెట్స్‌లో ఇల్లంతా హీట్ పంప్‌తో వేడిచేసుకునే వారికి మాస్ సేవ్ కార్యక్రమం ఇచ్చే పెద్ద రిబేటు కావాలంటే ఇంటికి ఇన్సులేషన్, గాలి చొరబాట్లు మూయడం అవసరమైనంత మేరకు జరిగి ఉండాలి. ఆ గోడల్లో పాత వైరింగ్ లేదనో, ఉన్నా అది బతికి లేదనో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి చెబితే తప్ప ఇన్సులేషన్ పని మొదలు కాదు. అంటే రిబేటు దారిలో మొదటి గుమ్మం గోడల్లోని, అటక మీది పాత వైర్లు.

ఈ వరుస తిరగబడితే డబ్బు వృథా అవుతుంది. ఇల్లు బాగా మూసుకున్నాక దాని వేడి అవసరం తగ్గుతుంది. అప్పుడు గదిగదికీ లెక్క కడితే నాలుగు టన్నుల యంత్రం అన్న చోట మూడు టన్నులది చాలవచ్చు. యంత్రం చిన్నదైతే ఆంపియర్లు తగ్గుతాయి, ఆంపియర్లు తగ్గితే ప్యానెల్ మార్చాల్సిన అవసరమే రాకపోవచ్చు. వైరింగ్ తనిఖీ, ఇన్సులేషన్, యంత్రం ఎంపిక అయ్యాక ఆఖర్న తేలవలసిన ప్యానెల్ సైజుని కాంట్రాక్టర్ మొట్టమొదటే చెప్పేశాడు. పెదనాన్నకి నిద్ర పట్టనిది అందుకే.

లోడ్ లెక్కకి 2023 నాటి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లోని 220వ ఆర్టికల్ రెండు దారులు చూపిస్తుంది. మొదటిది ఇంట్లో ఉన్న వస్తువులన్నీ రాసుకుని కట్టేది. 1,800 చదరపు అడుగుల ఇల్లు అనుకుంటే, అడుగుకి 3 చొప్పున దీపాలకీ ప్లగ్గులకీ 5,400 వోల్ట్ ఆంపియర్లు. వంటగది సర్క్యూట్లు రెండింటికి 3,000, బట్టలుతికే గదికి 1,500, ఎలక్ట్రిక్ పొయ్యికి 8,000, డ్రయ్యర్‌కి 5,000, గిన్నెలు కడిగే మెషీన్‌కి 1,200, నీళ్ల హీటర్‌కి 4,500. మొత్తం 28,600. ఇవన్నీ ఒకేసారి నడవవు గనక, ఇప్పటికే ఉన్న ఇళ్ల విషయంలో మొదటి 8,000 పూర్తిగానూ మిగతా 20,600లో 40 శాతం మాత్రమేనూ లెక్కలోకి తీసుకోమంటుంది కోడ్. 8,000కి 8,240 కలిపితే 16,240. హీట్ పంప్‌కి మాత్రం ఈ తగ్గింపు లేదు. 240 వోల్టుల దగ్గర 24 ఆంపియర్లు తీసుకునే యంత్రమైతే 5,760 మొత్తంగా కలపాలి. అప్పటికి 22,000. దాన్ని 240తో భాగిస్తే సుమారు 92 ఆంపియర్లు. బేస్‌మెంట్‌లో ఉన్న 100 ఆంపియర్ల ప్యానెల్ దాన్ని మోస్తుంది.

ఈ లెక్కని తలకిందులు చేసేది యంత్రంతో పాటు ఇంట్లోకి గాలిని తోసే పెట్టెలో పెట్టే హీట్ స్ట్రిప్. మరీ చలిగా ఉన్న రాత్రుల్లో ఆసరాగా ఉంటుందని పెట్టే తీగచుట్ట అది. ఇస్త్రీ పెట్టె లాగే ఒక యూనిట్ కరెంటుకి ఒక్క యూనిట్ వేడే ఇస్తుంది. 10 కిలోవాట్ల స్ట్రిప్ కలిపితే 22,000 కాస్తా 32,000 అయి 133 ఆంపియర్లు దాటుతుంది. 200 ఆంపియర్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కొటేషన్‌లో ఈ ఒక్క పద్దు చూస్తే తెలిసిపోతుంది. చలిని తట్టుకునే యంత్రాన్ని లెక్క ప్రకారం ఎంచుకుంటే స్ట్రిప్ అక్కర్లేకపోవచ్చు, లేదా 5 కిలోవాట్లది చాలవచ్చు. 5 అయినా మొత్తం 112 ఆంపియర్లకి చేరుతుంది కాబట్టి స్ట్రిప్ విషయం ముందుగా తేలాలి.

రెండో దారి మీటరు. గడిచిన ఏడాదిలో ఇల్లు వాడిన అత్యధిక డిమాండ్‌ని మీటరు లెక్కల్లోంచి తీసి, దానికి నాలుగో వంతు కలిపి, కొత్త లోడ్ చేర్చాలి. ఏడాది గరిష్ఠం 9 కిలోవాట్లయితే 37.5 ఆంపియర్లు. నాలుగో వంతుతో 47, హీట్ పంప్ 24తో కలిసి 71. కాగితం మీది లెక్క కంటే ఇది ఇంటి మనుషుల అసలు నడవడికి దగ్గరగా ఉంటుంది. అల్లుడికి అంకెలంటే ఇష్టం, ఈ పని అతనికి అప్పజెప్పవచ్చు. అయితే త్వరలో ఎలక్ట్రిక్ కారు కూడా కొనే ఆలోచన ఉంటే మాత్రం 200 ఆంపియర్ల ప్యానెల్ సరైన ఖర్చే. 40 ఆంపియర్ల ఛార్జరొక్కటే 9,600 తీసుకుంటుంది. మార్చేటప్పుడు ప్యానెల్‌తో పాటు సర్జ్ ప్రొటెక్టర్ కూడా రావాలి, 2020 కోడ్ నుంచి అది తప్పనిసరి.

ప్యానెల్ ఏ కంపెనీదో కూడా చూడాలి. ఫెడరల్ పసిఫిక్ వారి స్టాబ్-లాక్ బ్రేకర్లు ఓవర్‌లోడ్ అయినా పడిపోకుండా ఉండిపోయే తత్వానికి అమెరికాలో పేరుమోశాయి. అలాంటిదైతే ఏ లెక్కా అక్కర్లేదు, మార్చేయాలి. 1965 నుంచి 1973 ప్రాంతంలో ఇంటికి చేర్చిన గదులుంటే అక్కడ అల్యూమినియం వైర్లు ఉన్నాయేమో చూడాలి. ప్యానెల్ ముందు మూడడుగుల లోతు, 30 అంగుళాల వెడల్పు ఖాళీగా ఉండాలి. పోయిన ఏడు పెదనాన్న అక్కడున్న ఆరు నెలలూ ఆ ఖాళీలో సూట్‌కేసులు, సోనామసూరి బియ్యం బస్తాలు ఉన్నాయి.

ఇక న్యూట్రల్. అమెరికా ఇళ్లకి వచ్చేవి మూడు తీగలు. రెండు ఫేజులు, వాటి నడుమ న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 240. న్యూట్రల్ తెగినా, జాయింట్ వదులైనా, ఒక ఫేజు మీది దీపాలూ టీవీలూ రెండో ఫేజు మీది వాటితో వరసగా కలిసిపోతాయి. ఎక్కువ లోడ్ ఉన్న వైపు వోల్టేజి పడిపోతుంది, తక్కువ ఉన్న వైపు 120 కాస్తా 150, 180 కావచ్చు. ఒక గదిలో దీపం మసకబారిన క్షణంలోనే ఇంకో గదిలో దీపం వెలుగు హెచ్చితే అది న్యూట్రల్ చేస్తున్న ఫిర్యాదు.

1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో స్తంభాలన్నీ నేలకొరిగాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పెదనాన్న లైన్లు నిలబెట్టే ముఠాలో ఉన్నాడు. పగలంతా బురదలో తిరిగి, రాత్రికి బడి వరండాలో పడుకుని, చేతికి అందిన తీగతో చేతనైన జాయింట్లు వేశారు. ఒక ఊళ్లో చీకటి పడ్డాక కరెంటు ఇచ్చారు. జనం సంతోషంతో కేకలు వేశారు. పది నిమిషాలకి ఒక వీధిలో బల్బులు తెల్లగా, కళ్లు చెదిరేలా వెలిగి టప్పున మాడిపోయాయి. చేత్తో మెలిపెట్టి వదిలేసిన న్యూట్రల్ జాయింట్ ఊడింది. ఆ వీధిలో ఒక ముసలి బడిపంతులు నీళ్ల నుంచి కాపాడుకున్న ఒకే ఒక్క వస్తువు వాల్వు రేడియో. అది కాలిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, పొగ వస్తున్న రేడియో మీద పైపంచె కప్పాడు. ఆ జాయింట్ వేసింది పెదనాన్నే. పెద్దమ్మకి కూడా ఈ సంగతి పెళ్లయిన పదేళ్లకి గాని చెప్పలేదు.

హీట్ పంప్ 240 మీద నడుస్తుంది, దానికి న్యూట్రల్‌తో పనిలేదని ఎలక్ట్రీషియన్ అనవచ్చు. అతను చెప్పేది నిజం. అయినా ప్యానెల్ మూత తీసేది ఏళ్లకొక్కసారి. మూత తీసిన రోజునే న్యూట్రల్ పట్టీ మీది ప్రతి స్క్రూనీ టార్క్ స్క్రూడ్రైవర్‌తో, ప్యానెల్ మీద అచ్చువేసిన కొలత ప్రకారం బిగించాలి. చేతి అంచనా పనికిరాదు, 2017 నుంచి కోడ్ కూడా కొలతతోనే బిగించమంటోంది. అల్యూమినియం తీగ స్క్రూ కింద కాలక్రమాన నలిగి జారుతుంది కాబట్టి దానికి ఆక్సైడ్ పట్టని పేస్టు పూయాలి. ఇంటి కప్పు దగ్గర బయటి లైను కలిసే చోట ఉన్న న్యూట్రల్ జాయింట్ విద్యుత్ సంస్థది, దాన్ని వాళ్ల చేతే చూపించాలి. న్యూట్రల్, ఎర్త్ కలిసేది మెయిన్ దగ్గర ఒక్కచోటే. ఆ తరవాతి సబ్ ప్యానెల్‌లో రెండూ విడిగా ఉండాలి. ఆ పని చేసేటప్పుడు బుజ్జమ్మ పక్కన నిలబడి, చేశారా అని అడిగితే చాలు. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకున్నా ఫరవాలేదు.

పాత ఇళ్లలో ఎర్త్ నీళ్ల పైపుకి కట్టి ఉంటుంది. ఎప్పుడో ప్లంబర్ ఆ పైపుని ప్లాస్టిక్‌కి మార్చి ఉంటే ఎర్త్ లేనట్టే. భూమిలో ఎనిమిదడుగుల కడ్డీలు రెండు ఉన్నాయో లేదో చూడాలి. మన పెరటి ఎర్త్ గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి, మే నెలలో చెంబుతో నీళ్లు పోసే పని బుజ్జమ్మదే ఉండేది. తులసికోటకి పోసినంత శ్రద్ధగా పోసేది.

యంత్రానికి దాని సర్క్యూట్ దానికే ఉండాలి. నేమ్‌ప్లేటు మీద రెండు అంకెలుంటాయి. వైరు కనీసం ఎంత మోయాలో ఒకటి, బ్రేకర్ గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో రెండోది. మొదటిది 30, రెండోది 45 అయితే 10 నంబరు రాగి వైరుకి 45 బ్రేకర్ ఉండటం తప్పు కాదు, కంప్రెసర్లకి కోడ్ ఆ వీలు ఇస్తుంది. స్ట్రిప్ ఉంటే దానికి వేరే సర్క్యూట్. 10 కిలోవాట్లకి 42 ఆంపియర్లు, నాలుగో వంతు కలిపి 52, కాబట్టి 6 నంబరు రాగి వైరు, 60 బ్రేకర్. బయటి యూనిట్‌కి కనుచూపు మేరలో, 50 అడుగుల లోపు డిస్‌కనెక్ట్ స్విచ్ ఉండాలి. రిపేరు చేసేవాడి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. 25 అడుగుల లోపు ఒక ప్లగ్గు కూడా ఉండాలి. యూనిట్‌ని మంచుకి అందని ఎత్తున స్టాండ్ మీద పెడతారు గనక పైపు కొలత ఆ ఎత్తుకి సరిపడా ముందే అనుకోవాలి.

పర్మిట్ ఎలక్ట్రీషియన్ పేరు మీద తీయాలి, పని అయ్యాక పట్టణపు ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వైర్స్ వచ్చి చూసి పర్మిట్ మూయాలి. సర్వీసు మార్చాల్సి వస్తే విద్యుత్ సంస్థ తన వైపు లైను మార్చడానికి వారాలు పడుతుంది. ఆ దరఖాస్తు యంత్రం ఆర్డర్ కంటే ముందు వెళ్లాలి. మాస్ సేవ్ రిబేటు 2025లో టన్నుకి 3,000 డాలర్లు, మొత్తం మీద 10,000 దాకా ఉండేది. ఆ అంకె ఏడాదికేడాది మారుతుంది గనక సంతకానికి ముందు ఈ ఏటి పట్టిక చూడాలి. ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. కొటేషన్‌లో ఇంకా ఆ 2,000 డాలర్లు తగ్గించి చూపిస్తుంటే ఆ పద్దు కొట్టేసి మళ్లీ లెక్కేయాలి. బిగించే సంస్థ కార్యక్రమపు జాబితాలో ఉండాలి, లోపలి యూనిట్, బయటి యూనిట్ మోడల్ నంబర్లు రెండూ అర్హత జాబితాలో జంటగా ఉండాలి. రిబేటు చెక్కు పని అయ్యాకే వస్తుంది, అప్పటిదాకా డబ్బు ఇంటివాళ్లదే. అందుకు వడ్డీ లేని హీట్ లోన్ ఉంది. అప్పటికీ చేతికి ఇబ్బంది అయితే పెదనాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉగాదికి చేతికొస్తుంది, అది బుజ్జమ్మదే.

నేమ్‌ప్లేట్ల ఫొటోలు, ఇన్సులేషన్ పూర్తయిన కాగితం, మూసిన పర్మిట్, డబ్బు కట్టిన బిల్లు ఒకే కవరులో పెట్టుకోవాలి. ఆయిల్ ట్యాంకు ఖాళీ చేయించే పని వచ్చే చలికాలం ఒకటి పూర్తిగా గడిచాక. ప్యానెల్ మూత తీసిన రోజు లోపలి ఫొటో ఒకటి, న్యూట్రల్ పట్టీ స్పష్టంగా కనబడేలా, ఇక్కడికి పంపాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న